పనిచేయుచు చదువుకొనిన విలియం కేరీగారు



మన సంఘములలో పెద్దవారి చదువు సంగతి ఎత్తినప్పుడెల్లా చాలామంది నవ్వి ఊరుకుంటారు. తమ చదువు వయసు ఎప్పుడో దాటిపోయిందని, ఇప్పుడు పలక పట్టుకుంటే మనుమలు నవ్వుతారని అంటారు. పదవ తరగతి తప్పి పనిలో చేరిన యువకులు కూడ ఇదే మాట వేరే విధముగా చెప్తారు. సంపాదన మొదలయ్యాక ఇక చదువెందుకని వారి ప్రశ్న.

బాప్టిస్టులమైన మనము ఇట్లు అనుట విచిత్రముగా ఉంటుంది. ఎందుకనగా మన దేశములో బాప్టిస్టు మిషను పనికి పునాది వేసిన విలియం కేరీగారు చిన్నతనములోనే బడి వదలి కూలిపనిలో చేరినవారు. ఆయన చదువులో ముఖ్యమైన భాగమంతా ఆ తరువాతనే, పనిచేయు చేతులతోనే జరిగింది. అందుచేత ఆయన జీవితమును ఈ ఒక్క వైపునుండి చూచి, పెద్దవయసు చదువు ఎందుకో, దానివలన ఎవరికి మేలో మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

తోలుపని బల్ల దగ్గర

కేరీగారు 1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన ఇంగ్లండు దేశములో నార్తాంప్టన్‌షైర్ జిల్లాలోని పాలర్స్‌పురి అను పల్లెలో జన్మించారు. తండ్రి ఎడ్మండు మొదట మగ్గము నేసేవారు. తరువాత ఆ ఊరి చర్చి బడిలో ఉపాధ్యాయుడయ్యారు. ఆ బడిలోనే బాలుడు చదవడము, వ్రాయడము, లెక్కలు నేర్చుకున్నాడు. సముద్ర ప్రయాణముల కథలంటే అతనికి ప్రాణము. తోటి పిల్లలు కొలంబస్ అని పేరు పెట్టి పిలిచేవారు.

కాని ఆ ఇంటికి పై చదువు చదివించే స్తోమత లేదు. మొదట పొలము పనికి పంపారు. ఎండ తగిలితే చర్మము చెడిపోయే బాధ ఉన్నందున ఆ పని సాగలేదు. అప్పుడు నీడపట్టున చేయగల పని అని, పిడింగ్టన్ అను పల్లెలో క్లార్క్ నికల్స్ అనే చెప్పులు కుట్టు యజమాని దగ్గర పని నేర్చుకొనుటకు పెట్టారు.

ఆ యజమాని దగ్గర కొన్ని పుస్తకములుండేవి. వాటిలో ఒకటి క్రొత్త నిబంధన వ్యాఖ్యానము. అందులో అక్కడక్కడ కుర్రవానికి తెలియని అక్షరములు కనిపించాయి. అవి గ్రీకు మాటలు. చాలామంది అట్టి చోట పేజీ త్రిప్పివేస్తారు. ఈ కుర్రవాడు ఆ అక్షరములను ఒక కాగితము మీద దించుకొని, సొంత ఊరిలో ఉన్న టామస్ జోన్స్ అను నేతపనివాని దగ్గరకు తీసుకొని వెళ్ళాడు. ఆ జోన్స్ ఒకప్పుడు పెద్ద చదువు చదివి, జీవితములో దెబ్బతిని, పల్లెకు వచ్చి మగ్గము వేసుకొని బ్రతుకుచున్నవాడు. ఆయన ఆ అక్షరముల అర్థము చెప్పాడు. ఈ విధముగా భవిష్యత్తులో బైబిలు అనువాదకుడు కాబోవు వానికి మొదటి గ్రీకు పాఠము ఒక నేతగాని ఇంట జరిగింది.

తోలుపని మన పెద్దలకు క్రొత్త కాదు. ఒంగోలు ప్రాంతములో క్లౌ దొరగారి కాలమున మొట్టమొదట సువార్తను నమ్మి, తన వారి మధ్య దానిని చాటిన యెర్రగుంట్ల పేరయ్యగారు తోలు వ్యాపారము చేసిన మనిషే. ఆ వృత్తిని తక్కువగా చూచిన సమాజములో మన తాతలు ఎంత అవమానము పడ్డారో మనకు తెలుసు. కేరీగారు కూడ పెద్ద పదవికి వచ్చిన తరువాత ఒక విందులో ఇట్టి ఎత్తిపొడుపే విన్నారట. ఆయన పూర్వము చెప్పులు చేసేవాడు కదా అని ఒక అధికారి అందరికీ వినిపించేటట్లు అడిగితే, చెప్పులు చేసేంత గొప్పవాడను కానని, చెప్పులు బాగుచేసేవాడనని ఆయన సరిదిద్దారట. చదువు ఆయనకు తన పనిని దాచుకొను ముసుగు కాలేదు.

పదిషిల్లింగుల సహాయము

తోటి పనివాడైన జాన్ వార్ అను యువకుని సాక్ష్యము ద్వారా కేరీగారు ప్రభువు వైపు తిరిగారు. 1783 అక్టోబరు 5న నేన్ నదిలో బాప్తిస్మము పొందారు. 1785లో మౌల్టన్ అను పల్లెకు వెళ్ళి అక్కడి చిన్న బాప్టిస్టు సంఘమునకు కాపరి అయ్యారు. ఆ సంఘము ఇచ్చిన జీతముతో సంసారము గడవదు. అందుచేత పగలు బడి నడిపారు, దానితో కూడ చెప్పులు కుట్టారు, ఆదివారము ప్రసంగించారు. తోలు ముక్కలు కుట్టి భూగోళము బొమ్మ చేసి పిల్లలకు దేశములు చూపించేవారు. కాగితములు అతికించి ప్రపంచ పటము ఒకటి చేసి గోడకు తగిలించారు. ఏ దేశములో ఎంతమంది జనము, వారి మతమేమి, అని తెలిసినంత వరకు దాని మీద వ్రాసుకున్నారు. పనిచేయుచునే తలయెత్తి ఆ పటము చూచి ప్రార్థన చేసేవారు.

లాటిన్, గ్రీకు, హెబ్రీ, డచ్చి, ఫ్రెంచి భాషలు ఆయన ఈ కాలములోనే నేర్చుకున్నారు. ఇందులో మనము గమనింపవలసిన సంగతి ఒకటి ఉన్నది. కెట్టరింగ్ పట్టణములో టామస్ గాచ్ అను తోలు వ్యాపారి ఉండేవాడు. కేరీగారు కుట్టిన జోళ్ళు ఆయన కొనేవాడు. ఈ కాపరి ఎన్ని భాషలు నేర్చుకుంటున్నాడో తెలుసుకొని, ఇక తన కొరకు జోళ్ళు కుట్టవద్దని, వారమునకు పది షిల్లింగులు తన సొంత డబ్బులోనుండి ఇస్తానని, ఆ సమయములో చదువుకొమ్మని చెప్పాడు.

పనిచేయు మనిషికి తెలివి తక్కువగుటవలన చదువు ఆగదు. తీరిక లేకపోవుటవలన ఆగుతుంది. దీపపు ఖర్చు, పుస్తకపు ఖర్చు, ఒక పూట కూలి పోవుట, ఇవి అడ్డము వస్తాయి. గాచ్‌గారు ఇచ్చినది ఆ తీరికనే. మన సంఘములలో కలిగినవారు గాచ్‌గారి పని చేయవచ్చును.

ఆ గోడపటము నుండే 1792లో కేరీగారి చిన్న పుస్తకము పుట్టింది. అందులో దేశములవారీగా పట్టికలు వేసి, ప్రపంచ జనాభాను అప్పటి అంచనా ప్రకారము 73 కోట్ల 10 లక్షలుగా లెక్కగట్టి, సువార్త వినని జనముల పట్ల సంఘమునకున్న బాధ్యతను చూపారు. ఆ సంవత్సరమే అక్టోబరు 2న కెట్టరింగ్‌లో ఒక ఇంట కూడిన కొద్దిమంది బాప్టిస్టు మిషనెరీ సొసైటీని స్థాపించారు. ఒక పల్లెటూరి మనిషి చదివిన భూగోళము అతని ప్రేమను తన ఊరి పొలిమేర దాటించింది.

డోరతి అమ్మగారు

ఇక్కడ సాధారణముగా మనము త్వరగా దాటిపోవు మనిషిని గురించి ఆగి చెప్పవలెను. కేరీగారు 1781 జూన్ 10న డోరతి ప్లాకెట్ అను ఆమెను వివాహము చేసుకున్నారు. పెండ్లి రిజిస్టరులో ఆమె సంతకము లేదు. ఉన్నది ఒక గీత గుర్తు మాత్రమే. ఆమెకు వ్రాయడము రాదు. ఆ కాలపు పల్లెలలో చాలామంది స్త్రీల సంగతి అంతే.

1793లో భర్త ఇండియాకు బయలుదేరునప్పుడు ఆమె మొదట రానన్నారు. గర్భవతిగా ఉన్నారు, పుట్టిన ఊరు దాటి ఎక్కువ దూరము పోయినవారు కారు. చివరకు చంటిబిడ్డతో, తక్కిన పిల్లలతో, చెల్లెలి తోడుతో ఓడ ఎక్కారు. ఈ దేశమునకు వచ్చిన మరుసటి సంవత్సరమే అయిదేండ్ల కొడుకు పీటరు రక్తవిరేచనములతో చనిపోయాడు. ఆ తరువాత ఆమె మనస్సు చెదిరిపోయింది. పన్నెండేండ్ల పాటు ఆ బాధపడి 1807 డిసెంబరులో కన్నుమూశారు. ప్రక్క గదిలో ఆమె కేకలు వినబడుచుండగానే కేరీగారు అనువాదపు పని చేసేవారని ఆయన జీవితము వ్రాసినవారు చెప్తారు.

చదువు లేనందువలన ఆమెకు ఆ వ్యాధి వచ్చిందని ఎవరూ అనరాదు. అది దుఃఖమువలన, ఒంటరితనమువలన కలిగిన బాధ. ఇంతటి భాషావేత్త ఇంట అంతటి నిశ్శబ్ద దుఃఖము ఉండుట చూచి ఆయనను తీర్పు తీర్చుటకు కూడ నేనెవరిని? ఈ భాగము చదివినప్పుడెల్లా నాకు నా తప్పే జ్ఞాపకము వస్తుంది. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడను. ఉద్యోగ కాలమంతా పిల్లలకు ఓనమాలు దిద్దించాను. కాని మా అమ్మగారు చివరి వరకు పింఛను కాగితముల మీద వ్రేలిముద్రే వేశారు. సండేస్కూలు పిల్లలకు వాక్యము కంఠతా చెప్పించిన నాకు, సాయంకాలము వంటింటి గుమ్మము దగ్గర కూర్చుని ఆమెకు ఆమె పేరు వ్రాయడము నేర్పవలెనని తోచలేదు. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. చదువు బయటికి వెళ్ళుటకు ముందు ఇంట్లో ప్రారంభము కావలెనని నేను నేర్చుకొనేసరికి ఆమె లేరు.

ముప్పది రెండేండ్ల విద్యార్థి

1793 నవంబరులో కలకత్తా చేరునప్పటికి కేరీగారి వయసు 32 సంవత్సరములు. సంఘకాపరిగా, గ్రంథకర్తగా పేరున్న మనిషి మరల అ ఆలు దిద్దుకొను విద్యార్థి అయ్యారు. రామ్‌రామ్ బసు అను మున్షీ దగ్గర బెంగాలీ నేర్చుకున్నారు. 1794 నుండి ముద్నాబతి అను చోట నీలిమందు ఫ్యాక్టరీకి పర్యవేక్షకునిగా పనిచేశారు. అక్కడి కూలీల మాటలు విని పుస్తకములలో దొరకని భాష పట్టుకున్నారు. వారి పిల్లల కొరకు బడి కూడ పెట్టారు.

1800 జనవరి 10న డేనిష్ ప్రభుత్వము క్రింద ఉన్న సెరంపూరు చేరారు. జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు గారలతో కలిసి అక్కడ పని ఆరంభించారు. మరుసటి సంవత్సరము కలకత్తాలోని ఫోర్టు విలియం కాలేజీలో, ఇంగ్లండు నుండి వచ్చిన యువ అధికారులకు బెంగాలీ నేర్పుటకు ఆయనను నియమించారు. కాలేజీ గడప త్రొక్కని మనిషి కాలేజీ ఉపాధ్యాయుడయ్యారు. నెలకు 500 రూపాయలతో మొదలైన జీతము తరువాత 1000 అయింది. తన ఇంటి అవసరమునకు కొంచెము ఉంచుకొని మిగిలినదంతా మిషను ఉమ్మడి ఖాతాకు ఇచ్చివేసేవారు. అక్కడ పండితుడు మృత్యుంజయ విద్యాలంకారుగారి ప్రక్కన కూర్చుని సంస్కృతము, బెంగాలీ లోతుగా అభ్యసించారు. బోధించు చోటనే నేర్చుకొనుట ఆయన మానలేదు.

సెరంపూరు అచ్చు కార్యాలయము కూడ ఒక పెద్దవారి బడివంటిదే. అక్షరముల అచ్చులు చెక్కు పని తెలిసిన పంచానన్ కర్మకార్ అను కమ్మరి తన అల్లుడైన మనోహర్‌కు ఆ విద్య నేర్పాడు. మనోహర్ ఎన్నో ఏండ్లు అక్కడే పనిచేసి అనేక భారతీయ లిపులకు అచ్చులు చెక్కాడు. మన తెలుగు అక్షరములు కూడ అక్కడ పోతపోశారు. విశాఖపట్నములో పరిచర్య చేసిన డెస్‌గ్రాంజెస్‌గారి తెలుగు సువార్తలు 1812లో అక్కడే అచ్చయ్యాయి.

ఆ 1812లోనే మార్చి 11 సాయంకాలము అచ్చు కార్యాలయమునకు నిప్పు అంటుకుంది. కాగితము, అచ్చు అక్షరములు, ఏండ్ల తరబడి వ్రాసిన వ్రాతప్రతులు కాలిపోయాయి. వాటిలో కేరీగారు వ్రాసియుంచిన తెలుగు వ్యాకరణము కూడ ఉన్నది. అప్పటికి ఆయనకు ఏబది ఏండ్లు దాటాయి. నడిచిన దారిలో రెండవసారి నడుచుట తేలికని చెప్పి మరల మొదటినుండి కూర్చున్నారు. తెలుగు వ్యాకరణము 1814లో వెలువడింది. 1818లో తెలుగు క్రొత్త నిబంధన సెరంపూరులో అచ్చయింది. ఆయన తెలుగు దేశములో కాలు పెట్టినవారు కారు. ఆ అనువాదములలో లోపములున్నవి. తరువాతివారు వాటిని ప్రక్కన పెట్టి క్రొత్తగా అనువదించవలసి వచ్చింది. అయినను తెలుగు నేర్చుకొనదలచిన బయటివారికి అచ్చయిన మొదటి మెట్లలో ఆ వ్యాకరణము ఒకటి.

ఇతర రాష్ట్రములలో స్థిరపడిన మనకు ఇంకొక సంగతి దగ్గరగా ఉంటుంది. ఆయన 1805లో మరాఠీ వ్యాకరణము, 1817లో కన్నడ వ్యాకరణము కూడ ప్రకటించారు. ఒరియాలో బైబిలు అంతయు అచ్చువేయించారు. మనము ఈనాడు బజారులో, బస్సులో మాట్లాడు ఇరుగుపొరుగు భాషలను ఆయన గౌరవముతో నేర్చుకున్నారు.

నేర్చినది ఎవరి కొరకు?

కేరీగారును స్నేహితులును సెరంపూరు చుట్టుప్రక్కల వందకు పైగా పల్లె బడులు నడిపారు. 1818లో బెంగాలీ పత్రికలు ఆరంభించారు. బడి వదలినవారికి వార్తాపత్రికే నిత్య పాఠశాల అని వారు గ్రహించారు. ఆ సంవత్సరమే సెరంపూరు కాలేజీ స్థాపించారు. మొదట చేరినవారు 37 మంది. కులమును, మతమును బట్టి ఎవరికీ తలుపు మూయరాదని అందులో నియమము పెట్టారు. 1827లో డెన్మార్కు రాజుగారు ఆ కాలేజీకి డిగ్రీలిచ్చు అధికారము దయచేశారు. ఈనాడు మన సంఘకాపరులు పొందుచున్న బి.డి. పట్టము ఆ చార్టరు నుండి వచ్చినదే.

చదువు సమాజమునకు ఏమి చేస్తుందో తెలుపు సంఘటన మరొకటి. సహగమనమును నిషేధించు చట్టము 1829 డిసెంబరు 4న అయింది. దానిని బెంగాలీలోనికి మార్చుటకు కేరీగారికి పంపారు. ఆ కాగితము ఆదివారము ఉదయము చేరింది. ఒక్క పూట ఆలస్యమైనను ఎందరో విధవరాండ్రు చితి ఎక్కవలసి వస్తుందని, ఆయన ఆ దినపు ప్రసంగమును వేరొకరికి అప్పగించి, పండితునితో కూర్చుని సాయంకాలమునకు అనువాదము ముగించారు. అప్పటికి ఆయనకు 68 ఏండ్లు. ముప్పదవ పడిలో మొదలుపెట్టిన భాష ఆ దినమున ప్రాణములు కాపాడుటకు పనికివచ్చింది.

1834 జూన్ 9న ఆయన సెరంపూరులో ప్రభువునందు నిద్రించారు. తరువాత రెండేండ్లకు, 1836లో, శామ్యూల్ డే దొరగారు విశాఖపట్నము చేరి మన తెలుగు బాప్టిస్టు మిషనుకు నాంది పలికారు.

మన సంగతి

మన తల్లిదండ్రులు గనులకు, మిల్లులకు, రైల్వే పనులకు, పట్టణ పారిశుద్ధ్య పనులకు తెలుగు దేశము విడిచి వచ్చారు. ఈనాడు మన పిల్లలు బడిలో కన్నడము, తమిళము, ఒరియా, మరాఠీ చదువుచున్నారు. అది మంచిదే. కాని ఇంట తెలుగు మాట్లాడుచు తెలుగు చదువలేని పెద్దవారు మన ఆరాధనలలో ఎందరున్నారో బల్లలు చూస్తే తెలుస్తుంది. ప్రక్కవారు పాడినది విని పాడుతారు. వాక్యము చదువమంటే తల వంచుకుంటారు. బాప్టిస్టు విశ్వాసి ప్రతివాడును వాక్యమును తానే చదివి పరీక్షించుకొనవలెనని నమ్మే మనకు ఇది చిన్న లోటు కాదు.

లోకములోను అంతే. అప్పు పత్రము మీద ఏమి వ్రాసియున్నదో చదువలేనివాడు వ్రేలిముద్ర వేసి మోసపోతాడు. మందు సీసా మీద తేదీ చదువలేని తల్లి బిడ్డకు భయపడుచు మందు పోస్తుంది. చదువు వచ్చిన రోజున వీరు ఒకరి చేతి క్రింద నుండి తప్పించుకుంటారు.

సంఘ పెద్దలు ఆలోచించుటకు కొన్ని మనవులు. వారములో రెండు సాయంకాలములు ప్రార్థన గదిలో ఒక గంట చదువు పెట్టవచ్చును. పెద్దవారిని పిల్లలవలె గద్దించరాదు. మొదట వారి పేరు, తరువాత ఊరి పేరు, బస్సు బోర్డు, ఆ తరువాత మార్కు సువార్తలో చిన్న వచనములు నేర్పవలెను. తెలుగుతో పాటు నివసించు రాష్ట్రపు భాష కూడ రావలెను. చదువు మధ్యలో ఆగిన యువతీ యువకులు జాతీయ సార్వత్రిక విద్యాలయము ద్వారా పదవ తరగతి, ఇంటరు పరీక్షలు వ్రాయవచ్చును. వారి ఫీజు కట్టుటకు ప్రతి సంఘములో ఒక గాచ్‌గారు లేవవలెను. చదువు నేర్చినవాడు ఇంకొకరికి నేర్పుటయే దానికి గురుదక్షిణ.

అపొస్తలుడైన పౌలు చెరసాలలో, మరణము దగ్గరపడిన వేళ, తిమోతిని పుస్తకములు తెమ్మని కోరాడు. ఆ వయసులో ఆయనకు చదువెందుకని తిమోతి అడిగియుండడు.

ఈ పత్రిక మీ ఇంటికి చేరిన సాయంకాలము, దీనిని చదువలేని వారెవరైనా మీ ఇంట ఉన్నారేమో చూడండి. ఉంటే వారి ప్రక్కన కూర్చుని మొదటి అక్షరము చూపండి. నేను చేయలేకపోయిన పనిని మీరు చేయుటకు ప్రభువు మీకు సహాయము చేయును గాక. ఆమేన్.